వాటా బండ

ఆ జీపు వచ్చేదాకా వీరప్పకు తోడేళ్ల మీద కోపమే లేదు. కళ్యాణదుర్గం అవతలి గుట్టల్లో గొర్రెలు కాసుకునే ఆ ఇంట్లో తాతల నాటి నియమం ఒకటుంది. తోడేలు పట్టిన గొర్రె తోడేలుదే. దాన్ని గుట్ట కింది బండ మీద పెట్టి, తోలు కూడా ఆశించకుండా ఇంటికి వచ్చేయాలి. ఊళ్లో అందరూ దాన్ని వాటా బండ అంటారు. ఏడాదికి రెండో మూడో పోయేవి. మనమూ అదీ ఒకే గుట్టను నమ్ముకున్నవాళ్లమే కదా అని వీరప్ప నవ్వి ఊరుకునేవాడు.

రెండువేల రెండు కరువులో ఎవరో అధికారి జీపు దిగి, తోడేలు సర్కారు రక్షణలో ఉందనీ, దాని మీద చెయ్యి వేస్తే జైలేననీ చెప్పిపోయాడు. మరి నా గొర్రెకు రక్షణ ఎవరని వీరప్ప అడిగేలోపు జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అతని కడుపు మండుతూనే ఉంది. ఇన్నాళ్లూ తాను పెట్టాడు, అది తిన్నది. ఇప్పుడది సర్కారు తోడేలైపోయింది. పెట్టే చేతికి విలువే లేకుండా పోయింది. చాలదన్నట్టు టీ కొట్టు దగ్గర సుబ్బన్న తోడేలు మాటెత్తి, నీ అల్లుడు బాగా మేస్తున్నాడా అని రోజూ ఎగతాళి.

వారం తిరగకముందే నిండు చూడి గొర్రెను తోడేలు పట్టింది. వీరప్ప ఎప్పటిలాగే దాన్ని భుజాన వేసుకుని బండ దగ్గరికి నడిచాడు. ఈసారి వేరుశనగకు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లాడు. గొర్రె మీద డబ్బా మొత్తం ఖాళీ చేశాడు.

తెల్లవారి వెళ్లి చూస్తే ముందు సగం తినేసి ఉంది. వెనక తొడ ఒకటి లేదు. వీరప్ప వంగి చూశాడు. తోడేలు పీకితే మాంసం పీలికలవుతుంది. ఇది నున్నగా తెగింది. కొడవలి కోత.

ఎవరో మనిషి తీసుకుపోయాడు. ఎవరని అడగాలి? వాటా బండ మీద చెయ్యి వేయడం ఊళ్లో సిగ్గుమాలిన పని, తీసుకున్నవాళ్లు ఒప్పుకోరు. ఎందుకు అడుగుతున్నావంటే తానూ చెప్పలేడు. గొర్రె తప్పిపోయిందని అబద్ధమాడి ఇల్లిల్లూ తిరిగాడు. ముత్యాలప్ప ఇంట్లో సంగటి గెలుకుతున్నారు. లక్ష్మీదేవి ఇంట్లో పొయ్యే రాజేయలేదు. తప్పిపోయిన గొర్రె కోసం మూతి పైకెత్తి గాలి వాసన చూస్తావేమని ఆమె నవ్వింది. ఈపాటికి ఎవరైనా తినేసి ఉంటే?

ఊరి చివర గుడిసెలో ఓబమ్మ ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాడు, ఆ ఏడు కూలి పనీ పోయింది. ఆమె గుడిసె నుంచి మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది. వీరప్ప పరుగెత్తాడు.

"ఓబక్కా, తినినావా?"

"ఇంకా ఉడకల్లేదు." కుండ ముందు కూర్చున్న ఆమె తల వంచుకుంది. "తప్పయిందప్పా. పనుల్లేవు..."

"తప్పు నాది. దాంట్లో మందు పోసినా."

ఓబమ్మ లేచి, తానే గుంట తవ్వి కుండను అందులో బోర్లించి మన్ను కప్పింది.

"పదేండ్లుగా ఆ బండ మీద మిగిలింది తెచ్చుకుంటాండా," అంది చేతులు కడుక్కుంటూ. "తోడేలు ఎంగిలికి ఏపొద్దూ భయపడల్లేదు."

వీరప్పకు తల కొట్టేసినట్టయింది. పార తీసుకుని మళ్లీ గుట్టకు వెళ్లాడు. బండకు కొంచెం అవతల, ఎండిన నీటి గుంటలో ఆడ తోడేలు చచ్చి పడి ఉంది. చన్నుల నిండా పాలున్నాయి. దాన్నీ, మిగిలిన గొర్రెనూ లోతుగా పాతిపెట్టాడు. గుట్ట మీద మగది కూర్చుని అంతా చూస్తోంది. అది చూస్తున్నంతసేపూ వీరప్ప తలెత్తలేకపోయాడు.

జీపు రాలేదు. ఓబమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని వీరప్పకు చాలాసార్లు అనిపించింది. జీపు చప్పుడు వినబడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి నిలబడేవాడు.

నెల తర్వాత ఊరకుక్కలు ఒక పొట్టేలును చంపాయి. తోడేలు పట్టింది కాకపోయినా వీరప్ప దాన్ని బండ మీద పెట్టాడు. ఓబమ్మ గుడిసెకు వెళ్లి, ఈసారి ఏమీ కలపలేదని చెప్పాడు. ఆమె ఊడుస్తూనే ఉంది. తెల్లవారి చూస్తే పొట్టేలు పెట్టింది పెట్టినట్టే ఉంది. చుట్టూ మట్టిలో తోడేలు అడుగులున్నాయి. పది బారల దూరం దాకా వచ్చి, బండను ఒక చుట్టు చుట్టి, గుట్టకు తిరిగిపోయింది.

వీరప్ప అక్కడే తొడ కోశాడు. వాళ్ల ఇంట్లో ఎవరూ చేయని పని అది. ఓబమ్మ గుడిసె ముందు మూడు రాళ్లు పెట్టి కాల్చి, ఆమె చూస్తుండగా ముందు తాను తిన్నాడు. ఆమె తలుపు దగ్గర కూర్చుని అతను నాలుగు ముక్కలు తినేదాకా చూసింది. ఆ తర్వాత వచ్చి ఒక ముక్క అందుకుని, మెల్లగా నమిలి మింగింది.

"నాకైతే ముందర తిని చూపిస్తివి," అంది గుట్ట వైపు చూస్తూ. "మల్ల దానికెట్ల చూపిస్తావు, ఈరప్పా?"