తడపని ఇటుక

తెల్లవారేసరికి తూర్పున చిన్న మబ్బు లేచింది. ఉప్పెన వచ్చిపోయి నాలుగు నెలలైనా, మబ్బు కనిపిస్తే ఊళ్ళో మిగిలినవాళ్ళు చేతిలో పని ఆపేవాళ్ళు. అది సముద్రం మీదే పలచబడిపోయింది. మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

కొట్టుకుపోయిన గుడిసెల చోట ఇటుక ఇళ్ళు కడుతున్నారు. బెజవాడ గుణదల నుంచి వచ్చిన తాపీమేస్త్రి ఆమోసు దగ్గర కొండలయ్య పని నేర్చుకుంటున్నాడు. చేపలు పట్టి బతికినవాడు, ఇక సముద్రంలో కాలు పెట్టనన్నాడు. భార్య అంకాలమ్మ సిమెంటు మాలు మోస్తుంది.

ముందురోజు ఒక గోడ మొత్తం అతని చేతికే వదిలాడు ఆమోసు. "ఇది నిలబడిందా, నా వెంట బెజవాడ తీసుకుపోతా. లేదంటే నీ సముద్రం నీదే" అన్నాడు.

పొద్దున్నే ఆమోసు దారానికి తూకపు గుండు వేలాడదీసి చూశాడు. గోడ నిటారుగా ఉంది.

"ఏవయ్యోయ్, నా పొట్ట కొట్టేట్టున్నావే!"

నవ్వుతూనే పైవరస ఇటుకను బొటనవేలితో నెట్టాడు. ఊడి చేతిలోకొచ్చింది. కింద మాలు పొడిపొడిగా రాలింది.

"ఇటుకలు తడపలేదూ?"

కొండలయ్య నీళ్ళ తొట్టికి వీపు తిప్పి, రాలిన మాలు చేత్తో ఊడ్చాడు.

"ఎండిటుక మాల్లో తడంతా తాగేస్తదని ఎన్నిసార్లు చెప్పానయ్యా! నీళ్ళలో పుట్టినోడివి, నీకు నీళ్ళకేం కరువొచ్చింది?"

అంకాలమ్మ తలమీది మాలు గమేళా దించింది.

"ఇన్నాళ్ళూ నేనే తడిపి అందించానండీ మేస్త్రిగారూ. నిన్న బియ్యం ఇస్తున్నారంటే పోయా. ఇటుక ముంచితే బుడగలొస్తయ్ గదండీ. అయ్యి చూళ్ళేడు."

"బుడగలకేమైందమ్మా?"

"మా పిల్ల ఉప్పెనలో ఈయన చేతిలోంచే జారిపోయింది. జారినకాడ కాసేపు బుడగలొచ్చినయ్యంట."

ఆమోసు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "గోడ దింపి మళ్ళీ నువ్వే కట్టాల్సిందేనయ్యా. పిల్లాజెల్లా పడుకునే ఇల్లు" అన్నాడు.

ముగ్గురూ కలిసి దింపారు. కొండలయ్య ఒక ఇటుక పట్టుకుని తొట్టి దగ్గర నిలబడిపోయాడు.

"నువ్వెళ్ళి మాలు కలుపు. నేను తడుపుతాలే" అన్నాడు ఆమోసు.

"వద్దండీ. బెజవాడలో ఎవరు తడిపి పెడతారు?"

కూర్చుని, కళ్ళు మూసుకుని ఇటుక ముంచాడు. అంకాలమ్మ పక్కనే కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకుంది. గుడగుడమని బుడగలు లేచాయి. చప్పుడు వినలేక అతను తల పక్కకి తిప్పుకున్నాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఆగినయ్యా?"

"లేదు."

"ఇప్పుడో?"

"ఇంకా వస్తన్నయ్."

కాసేపటికి ఆమే అతని చేతిని పైకెత్తింది. "ఆగినయ్. తియ్యి."

పొద్దు నడినెత్తికొచ్చేసరికి గోడ మోకాలెత్తు లేచింది. ఆ ఓరన చారెడు నీడ పడింది. అంకాలమ్మ మూడు ఆకులేసి, అన్నం, గోంగూర పచ్చడి, తలా ఒక ఉల్లిపాయ పెట్టింది. ఆమోసు కళ్ళు మూసుకుని ప్రార్థనగా పెదాలు కదిపి, ముద్ద కలిపాడు. కొండలయ్య నాని తెల్లబడిన వేళ్ళతో అన్నం కలుపుకున్నాడు.