పుష్పలీల కట్టిన చీపురు

పొద్దున్నే కొలిమి రాజేసేది నర్సింహ, చీపుర్లు కట్టేది అతని భార్య పుష్పలీల. ఎడిన్‌బర్గ్ బ్యాంకులో ఐటీ ఉద్యోగానికి దండం పెట్టేసి, అక్కడికి దగ్గర్లోనే ఒక ఊరి చివర ఇల్లూ షెడ్డూ అద్దెకు తీసుకుని, నర్సింహ తాతల విద్య మళ్ళీ చేతపట్టాడు. ఇళ్ళలో చలి కాచుకునే పొయ్యి పక్కన వేలాడదీసే సామాను చేస్తాడు. నిప్పులు కెలికే చువ్వ, పట్టకారు, బూడిద ఎత్తే పార. నాలుగోది చీపురు. మెలితిప్పిన ఇనప పిడికి గుర్రపు వెంట్రుకలు గుత్తిగా పెట్టి, తీగతో బిగించి కొసలు కత్తిరించడం పుష్పలీల పని.

మనిషి గడప దాటగానే ఇల్లు ఊడ్వకూడదని ఆమెకు చిన్నప్పటి నుంచీ పట్టింపు. ఊడిస్తే వెళ్ళినవాళ్ళు తిరిగిరారట. ఆమె కట్టిన చీపుర్లకూ ఆ సంగతి తెలుసు. బయటికెళ్ళిన మనిషి ఇక తిరిగిరాడంటే, అవే కొక్కెం దిగి, పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా ఊడ్చేస్తాయి. కొన్నవాళ్ళెవరూ దీన్ని వింతనుకోలేదు. కబురు ముందే తెలియడం నయమే కదా అనుకునేవాళ్ళు.

పక్క వీధి మోరాగ్ ఆంటీ మాత్రం, భర్త ఇయన్‌ను పూడ్చిపెట్టిన మర్నాడే చీపురు వెనక్కి తెచ్చిచ్చింది.

"ఇయన్ పేపర్ కోసమని వెళ్ళాడమ్మా. వీధి కూడా దాటి ఉండడు, ఇది ఊడ్వడం మొదలెట్టింది. ఇంకెవరికైనా ఇచ్చెయ్."

నర్సింహ కొండల్లో ఒక ఇంటికి డెలివరీకి బయల్దేరిన రోజు, ఆ చీపురు బల్ల మీదే ఉంది. బయట మంచు పడుతోంది.

"రేపు పోరాదుండ్రి," అంది పుష్పలీల.

"గిట్ల పోయి గట్ల వస్త. చాయ్ పెట్టు."

వ్యాన్ మలుపు తిరిగిందో లేదో, చీపురు బల్ల దిగింది. కొలిమి బూడిదను తీరిగ్గా గుమ్మం వైపు ఊడ్వసాగింది.

పుష్పలీల నర్సింహకు ఫోన్ చేసింది. కలవలేదు. రెండు చేతులా పట్టి ఆపబోతే బతికున్న కొర్రమీనులా గింజుకుంది. అది ఆగదని ఆమెకు తెలుసు, కట్టింది తనే మరి. ఆపలేకపోతే పోనీ, తిప్పొచ్చు కదా అనిపించింది. ఈడ్చుకుంటూ గుమ్మం దాకా పోయి, తలుపు బార్లా తెరిచి, దాన్ని లోపలికి తిప్పింది. ఏడుస్తూ, తిడుతూ, మంచూ బూడిదా కలిపి లోపలికి ఊడ్చింది. చీపురు మొరాయించి మొరాయించి చివరికి ఆమె దారికొచ్చింది.

చీకటి పడుతుండగా వ్యాన్ చప్పుడైంది.

"బ్రిడ్జి కాడిదాక పోయిన," అన్నాడు నర్సింహ, బూట్లు దులుపుకుంటూ. "ఎవలో వెనకనుంచి కాలర్ వట్టి గుంజినట్టయింది. ఇటు మలిపిన్నో లేదో, బ్రిడ్జి కూలింది."

పుష్పలీల మొగుణ్ణి వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తలుపు వెయ్యబోతూ కిందికి చూసింది. మంచులో అతని అడుగుల వెంటే ఇంకో జత అడుగులు లోపలికి వచ్చాయి. కొలిమి పక్క స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. చంకలో తడిసిన పేపర్ ఉంది. మంటకు అంత దగ్గరగా ఉన్నా, కోటు మీది మంచు కరగడం లేదు.

పుష్పలీల ఇంకో కప్పు చాయ్ పోసి, ఫోన్ తీసింది.

"మోరాగ్ ఆంటీ, అంకుల్ మా ఇంట్లో ఉన్నారు. వచ్చి తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు దుప్పటి కూడా తెండి, చేతులింకా చల్లగానే ఉన్నాయి."