తెల్లగా కనిపించిన ఎముక

ఆసుపత్రి నుంచి వచ్చిన మరునాడే ఓబయ్య తన కాలి ఎముకను అందరికీ చూపించాడు. అలిపిరి దగ్గర డోలీ మోసేవాళ్ల గుడిసెల ముందు నిలబడి, ఎక్స్‌రే పటాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. మోకాలి కింది నుంచి చీలమండ దాకా ఎముక తెల్లగా, నున్నగా ఉంది.

"సూడండబ్బా, యాడన్నా మచ్చ ఉండాదా?"

"నీ మొగం కంటే ఇదే బాగుండాది బావా," అన్నాడు గోవిందు. "పెండ్లిసూపులకు ఈ పటమే పంపించింటే మా అక్క ఇంకా సంబరపడేది."

అందరూ నవ్వారు. ఓబయ్య భార్య అక్కమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

పది రోజుల కిందట కొండమెట్ల మీద రాయి గీసుకుని అతని ముంగాలికి గాయమైంది. పైన మానింది గానీ లోపల సలుపు మొదలై, జ్వరం పట్టుకుంది. రైలెక్కించి మిషనరీల ఆసుపత్రికి తీసుకుపోతే పటం తీశారు. డాక్టరమ్మ చెప్పిన సంగతిని నర్సు రాజారత్నం అక్కమ్మకు రెండుసార్లు విడమరిచి చెప్పింది. ఎముకలో చీము పట్టిందని అనుమానం. మొదట్లో అది పటానికి అందదు. ఎముకను కొంత తినేశాక, రెండు మూడు వారాలకు గాని కనిపించదు. అంతవరకు మాత్రలు మింగాలి, కాలు కింద మోపకూడదు. పదిహేనో రోజున ఈ పటం తీసుకుని మళ్లీ రావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇన్ని మాటల్లో ఓబయ్య చెవికెక్కింది ఒక్కటే. పటంలో ఏమీ లేదు.

"లోపలి ఎముకను సూసే మిషనుకు లోపలి చీము కనపడదా మే? ఈ పొద్దు లేనిది పదైదు దినాలకు యాడి నుంచి వస్తాది?"

నర్సు చెప్పిందే అక్కమ్మ మళ్లీ చెప్పింది. ఎముకను తినేదాకా ఎందుకు కనపడదో తనే రాజారత్నాన్ని అడిగి ఉండాల్సింది.

డోలీకి నలుగురు కావాలి, నలుగురూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకడు పొట్టివాడైతే కూర్చున్నవాళ్లు పక్కకు ఒరిగిపోతారు. అందుకే మేస్త్రీ దొరస్వామి ఓబయ్య తావు అట్టే ఉంచాడు. కానీ ఊరుకోలేదు. పెరటాసి నెల, స్వామికి ముఖ్యమైన శనివారాలకు అరవదేశం నుంచి జనం తండోపతండాలుగా వస్తున్నారు. కొండకు మోటారు రోడ్డు కూడా వేస్తున్నారు. అది పూర్తయితే డోలీ ఎక్కేవాళ్లుంటారో ఉండరో.

"ఎముకేమో ఇనుపకడ్డీ మాదిరి ఉండాది, మనిషేమో మంచం దిగడు," అని దొరస్వామి గుడిసె బయటి నుంచి కేకేసేవాడు. "పటాన్నే పంపించప్పా, దానితోనే మోపిస్తాం!"

మాత్రలకు ఆరో రోజున జ్వరం జారింది. ఏడో రోజు ఓబయ్య పనికి పోవడానికి తలగుడ్డ చుట్టాడు. అక్కమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"పదైదు దినాలు ఓర్చుకో. నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకుని సూడు, నొప్పే లేదు," అని ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు.

పదిహేనో రోజు శనివారమైంది. ఈ శనివారం గడవనీ అన్నాడు. మరో శనివారం వచ్చింది. అప్పటికే రాత్రిళ్లు పళ్లు బిగబట్టి పడుకునేవాడు. ఆ తరువాతి వారం మోకాళ్ల పర్వతం దగ్గర డోలీ కొయ్య కింద కూలిపోయాడు. మిగిలినవాళ్లు అతన్ని అదే డోలీలో కిందికి దించారు.

ఈసారి డాక్టరమ్మ రెండు పటాలనూ కిటికీ అద్దానికి ఆనించింది. రెండోదానిలో ఎముక చెదలు తిన్న వాసంలా ఉంది. లోపల ఒక ముక్క విడిగా, మిగతాదాని కంటే తెల్లగా మెరుస్తోంది. అదే చచ్చిన ఎముక అంది డాక్టరమ్మ. చీము మోకాలికి ఎక్కింది. మోకాలికి పైన కాలు కోసి తీసేయాలి. తీసినా ప్రాణానికి హామీ ఇవ్వలేనంది.

"పదైదో దినం వచ్చింటే?" అక్కమ్మ రాజారత్నాన్ని అడిగింది.

"చీము తీసి చూసేవాళ్లం. కాలు దక్కేదేమో అమ్మా."

ఆ మాట అతనికి చెప్పకూడదని అక్కమ్మ అనుకుంది. కానీ ఓబయ్య రెండో పటం చూడాలని పట్టుబట్టాడు. పడుకునే దాన్ని వెలుతురుకు ఎత్తాడు. మొదటిదాన్ని అందరికీ చూపించీ చూపించీ తన ఎముక అతనికి కంఠతా వచ్చింది. ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పటాన్ని గుండెల మీద బోర్లా పెట్టుకున్నాడు.

"యాడికి కోస్తారంట?"

అక్కమ్మ తన తొడ మీద, చీర పైనుంచే, చేయి అడ్డంగా పెట్టి చూపించింది.

"మోకాలు కూడానా?"

తలూపింది.

"దొరస్వామికి సెప్పంపు," అన్నాడు. "నా తావులో ఎవురినన్నా పెట్టుకోమను. నా ఎత్తు మనిషిని ఎతకాలంటే పాపం వానికి కష్టం."

ఆ తావులో కొత్తవాడు చేరి నాలుగు రోజులైంది. వెతకడానికి ఒక పూట కూడా పట్టలేదు.

"సెప్తాలే," అంది అక్కమ్మ.

రాజారత్నం సిరా, కోతకు ఒప్పుదల కాగితం తెచ్చింది. జ్వరపు చెమటకు ఓబయ్య వేలు జారి ముద్ర అలుక్కుపోయింది. అక్కమ్మ అతని చేయి పట్టుకుని మళ్లీ వేయించింది.