ముందుకు చూడాల్సిన అక్షరాలు

తలకు దెబ్బ తగిలాక అన్నయ్య మళ్లీ స్కూలు బస్సు నడపబోయేది రేపే. "మనిషి మామూలైపోయాడు" అని వదిన చుట్టాలందరికీ చెప్పేసింది. నాకే నమ్మకం కుదరలేదు. అందుకే బొమ్మ విమానం ఇంజను బాగుచేస్తానని తను పెరట్లో కూర్చుంటే, నేనొచ్చి పక్కన కూర్చుని దాని తోక పట్టుకున్నాను. లోపల వదిన అన్నయ్య యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

ఆ ఇంజనంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. పిడికిలంత కూడా ఉండదు, వీధి వీధంతా చెవులు మూసుకోవాలి.

అది స్టార్టవుతోంది కానీ, విమానం ముక్కు పైకెత్తగానే దగ్గి ఆగిపోతోంది. అన్నయ్య ఇంధనం మార్చాడు. దాన్ని తగ్గించి పెంచే సూది మర తిప్పాడు. చివరికి ట్యాంకు విప్పి, కిందటిసారి కూలినప్పుడు లోపలి గొట్టం ముందుకు మడత పడిందని పట్టేశాడు.

"ముక్కెత్తితే ఇంధనం వెనక్కి పోతుంది కదే! గొట్టమేమో ముందు కూర్చుంది. పాపం, గాలి తాగుతోంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత ఆలోచించగల మనిషికి బస్సు ఒక లెక్కా!

గొట్టం సరిచేసి, ముక్కు మీద తిరిగే పాత ప్రొపెల్లర్ అంచు విరిగిందని కొత్తది బిగించాడు. ఇంజను హోరెత్తింది, ఈసారి ఆగలేదు. కానీ నా చేతుల్లో విమానానికి లాగే ఊపే లేదు. అన్నయ్య సూది మర తిప్పాడు. మళ్లీ తిప్పాడు. విసుగొచ్చి ఆపేశాడు.

అప్పుడు చూశాను. ప్రొపెల్లర్ మీది అక్షరాలు ఇంజను వైపున్నాయి. తిరగేసి బిగించాడు. "అక్షరాలెప్పుడూ ముందుకే" అని మొట్టికాయలు వేసి మరీ నాకు నేర్పింది తనే.

చప్పుడు చేయకుండా నేనే తిప్పేద్దామా అనిపించింది. రేపు ఆ బస్సెక్కే పిల్లలు గుర్తొచ్చి భయమేసింది.

"అన్నయ్యా, అక్షరాలు చూడు."

"ఏ అక్షరాలు?"

"ప్రొపెల్లర్ మీదవి. ఎటుండాలి?"

వేలితో తడిమి చాలాసేపు చూశాడు. "ఎటున్నా ఒకటేగా?" అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు. "నీకు నేనే నేర్పానా?"

తలూపాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

తనే విప్పి, తిప్పి బిగించాడు. ఇంజను స్టార్టవగానే విమానం నా చేతుల్లోంచి ఊడిపోయేంతగా లాగింది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. అన్నయ్య ఇంధనం వచ్చే గొట్టం నొక్కి ఇంజను ఆపాడు. ఇంధనంలో కలిపే ఆముదం జిడ్డు అంటిన చేతులతోనే జేబులోంచి బస్సు తాళాలు తీసి నా ఒళ్లో పెట్టాడు.

"మీ వదినకి నువ్వే చెప్పవే. నాకు నోరు రాదు."