తల లేని పాము

రాయేదో ఎముకేదో మా పనిలో తేల్చేది నాలుకే. ఎముకైతే అతుక్కుంటుంది, రాయైతే జారిపోతుంది. రాళ్లలోంచి పాతకాలపు ఎముకలు తీసే ఈ పని నాకు నేర్పింది మా అక్క. మ్యూజియంలో నా పై అధికారి కూడా తనే. ఎంత పెద్ద ప్రొఫెసర్ తెచ్చిచ్చినా ముందు నాకి చూస్తాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ, నేను ఎముకంటే ఎముకే అన్న పేరు ఊరికే రాలేదు.

మొసళ్లను మింగిన పాము మాది. కోట్ల ఏళ్ల కిందటిది, బస్సంత పొడవు. దాని వెన్నుపూసలన్నీ నా చేతుల మీదుగానే బయటికొచ్చాయి. తల మాత్రం దొరకలేదు. పాము తల ఎముకలు మరీ పల్చన, మట్టిలో మిగలడమే అరుదు. కిందటేడు ఒంటరిగా తవ్వకాలకు వెళ్లిన అక్క, దూదిలో చుట్టిన తలను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "శుభ్రం చేసేశానే, ఇంక గీకకు," అంది. నేను ఏడ్చేశాను. దాన్ని మాత్రం నాకలేదు. అక్క తెచ్చినదాన్ని పరీక్షించడమేమిటి?

ఆవిష్కరణ రోజు తల గురించి నన్నే మాట్లాడమంది. పొంగిపోయాను. హాల్లోకి పంపేముందు తుడుస్తుంటే దవడ దగ్గర చిన్న పెచ్చు ఊడింది. అలవాటుకొద్దీ నాలుక మీద పెట్టుకున్నాను. జారింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. రంగు పూసిన ప్లాస్టిక్.

పక్క గదిలో అక్క అద్దం ముందు జుట్టు సర్దుకుంటోంది.

"ఇది ఎముక కాదక్కా."

అద్దంలోంచే నన్ను చూసింది. "తల లేని పామును చూడ్డానికి ఎవరొస్తారే?"

"నాకొక్కదానికైనా చెప్పాల్సింది."

"చెప్తే నీ మొహంలో తెలిసిపోతుంది. నువ్వు నమ్మి చెప్తేనేగా వాళ్లు నమ్మేది!"

ఒళ్లు మండిపోయింది. నా మంచి పేరును కూడా ఆ ప్లాస్టిక్ మీద ఓ పూతగా పూయబోయింది, నా సొంత అక్క.

హాలు నిండా జనం. మైకు ముందు నిలబడి, "ఈ పాముకి తల దొరకలేదు. ఇది ఎవరో తయారుచేసింది," అన్నాను.

అక్క వచ్చి నా భుజం మీద చెయ్యేసి, మైకు తన వైపు తిప్పుకుంది. గొంతు వణికింది కూడా.

"క్షమించండి. తల మొదట్నుంచీ మా చెల్లి బల్ల మీదే ఉంది. ఇలా చేస్తుందనుకోలేదు."

అందరూ నా వైపే చూశారు. చిన్నప్పుడు రోడ్డు దాటించినప్పటిలాగే ఆ చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఏది చేతికొచ్చినా ముందు నాలుక మీద పెట్టి చూడమని నేర్పింది తనే. తనిచ్చింది కూడా చూడాలని మాత్రం చెప్పలేదు.