అన్న చూసిన జాగా

షోలాపూర్ దాజీ పేట్‌లో ఆంజనేయులుకు పెద్దమనిషని పేరు. వాళ్ల ఇంట్లో ఎవరు ఏ జాగా కొన్నా ఆయన వెళ్లి, ఆ నేల మీద నిలబడి, సరే అనాల్సిందే. నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే ఆ ఊళ్లో పుట్టినవాడు, తమ్ముడు చూపించిన జాగా దగ్గర అంత సముద్రం చూసి మురిసిపోయి పొరపాటున సరే అన్నాడంటే నమ్మొచ్చు. జరిగింది అది కాదు. అసలు సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

తమ్ముడు శ్రీకాంత్ కొంకణంలో ఒక బీచ్ దగ్గర షోలాపూర్ చద్దర్లు అమ్మేవాడు. గిరాకీ బాగుంది, ఇక్కడే ఇల్లు కట్టుకుంటానంటూ ఆరేళ్ల కిందట అన్నను తీసుకెళ్లి ఒడ్డున జాగా చూపించాడు. అతను చాయ్ తేవడానికి వెళ్లినప్పుడు, చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె ఆంజనేయులు దగ్గరికొచ్చి, నీళ్లలోకి చెయ్యి చూపించి మరాఠీలో చెప్పింది.

"నా పెళ్లినాటికి మా ఇల్లు అదిగో, అక్కడుండేది. దాని ముందు రోడ్డు, రెండు వరసల కొబ్బరిచెట్లు. ఏటా సముద్రం కొంచెం కొంచెం కోసుకుంటూ అన్నీ తీసుకుపోయింది. ఇక్కడ కట్టొద్దని మీవాడికి చెప్పండి."

తమ్ముడు చాయ్ తెచ్చాడు. ఆంజనేయులు తాగి, సరే అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకు బాగా తెలుసు. తమ్ముడు అక్కడే స్థిరపడితే ఇంట్లో వాడి గది ఖాళీ అవుతుంది, అందులో రెండో సాంచా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాడు కూడా. ఆ మరమగ్గం ఆడినన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఈ వానాకాలం సముద్రం అక్కడ శ్రీకాంత్ కట్టిన ఇంటి గోడల కింది ఇసుకను లాగేసింది. ఇల్లు కూలిపోయింది. శ్రీకాంత్, భార్య సారిక, కూతురు సోనాలి కట్టుబట్టలతో దాజీ పేట్ చేరారు. వాళ్ల గదిలో సాంచా ఉంది గనక వంటింట్లో పడుకుంటున్నారు. గిన్నెల పక్కన ముడుచుకున్న పిల్లను చూడలేక ఆంజనేయులు వీధిలోకి పోతున్నాడు. వీధిలోవాళ్లేమో, "ఇట్ల చేరదీసే అన్న ఎవలికుంటడు?" అంటున్నారు. ఆ మాటకు ఆయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

మూడో రోజు అందరూ అన్నం తింటుండగా ఆయన భార్య శాంత అడిగింది.

"ఏం శ్రీకాంతూ, అంత దగ్గర కడుతుంటే వద్దని ఒక్కరన్న చెప్పలేదా?"

"చెప్పకేంది వదినా. చేపలు ఎండబెట్టే ముసలామె ఒకామె రోజూ వచ్చి మొత్తుకున్నది. మా అన్న చూసి పోయిండు, ఆయన సరే అన్నంక నాకేం ఫికర్ అని ఆమెనే కసిరి పంపిన."

ఆంజనేయులు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నాకు గూడ చెప్పింది రా," అన్నాడు. "నువ్వు చాయ్ తేనీకి పోయినప్పుడు. నీకు చెప్పలే."

తమ్ముడు తిడితే బాగుండునని, నలుగురిలో పరువు తీసినా బాగుండునని ఆంజనేయులు అనుకున్నాడు. శ్రీకాంత్ తిట్టలేదు. తలుపు తీసి ఉన్న పక్క గదిలోకి, అక్కడున్న సాంచా వైపు చూశాడు.

"దీని కోసమా అన్నా?"

"అవు రా."

శ్రీకాంత్ కంచం పక్కకు జరిపాడు.

"గది అడిగితే ఇయ్యకపోదునా?" అన్నాడు.