శిక్షణ బల్ల మీది నల్ల బ్యాగు

నేను ఒక నల్ల బ్యాగును. ఆసుపత్రి వరండాలో, మందుల కంపెనీ రెప్ కాళ్ల దగ్గర, గోడకు ఆనుకుని ఉండగా మీరు నన్ను చూసే ఉంటారు. మీ నంబరు కోసం మీరు గంట నుంచి కూర్చుని ఉంటే, టై కట్టుకున్న ఒకాయన మీకంటే ముందు లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు. మీకు కోపం వచ్చింది. అది న్యాయమైన కోపమే. అయితే ఆ రెండు నిమిషాల కోసం ఆయన ఏమేమి నేర్చుకున్నాడో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ పాఠాలన్నీ నేనూ విన్నాను.

ముంబయిలో ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డులో నన్ను కుట్టారు. చాలాకాలం నేను తోలు బ్యాగుననే అనుకున్నాను. ఒక వానాకాలం అంచులు పొరలుగా లేచాక తెలిసింది, నేను రెగ్జిన్‌ను. కంపెనీ పేరు బంగారు రంగులో అచ్చువేసి, నలభైమంది తోబుట్టువులతో కలిపి మూట కట్టి విశాఖపట్నం పంపించారు.

నా మొదటి యజమాని కర్రి మార్టిన్. మంచివాడు, బద్ధకస్తుడు. రోజుకు పదకొండు మంది డాక్టర్లను కలవాలని అతనికి నియమం. అతను నలుగురిని కలిసి, మిగిలిన ఏడుగురిని టీ బడ్డీ దగ్గర కూర్చుని రిపోర్టులో కలిసేవాడు. చూడని డాక్టర్ల అభిప్రాయాలు కూడా రాసేవాడు. 'మందు బాగుంది అన్నారు' అని. మనిషి తాను చూడని మనిషి చేత ఇంత మర్యాదగా మాట్లాడించగలడని అప్పుడే తెలిసింది. మూడేళ్లకు మార్టిన్‌కు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. నన్ను కంపెనీకి అప్పగించి వెళ్లిపోయాడు.

అలా నేను ఆకెళ్ల సదాశివంగారి దగ్గరికి వచ్చాను. ఆయన ఇరవైరెండేళ్లు రెప్‌గా తిరిగి, మోకాళ్లు అరిగాక, కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే పనిలో కుదిరిన మనిషి. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక లాడ్జిలో మొదటి అంతస్తు హాలు. పన్నెండు రోజుల శిక్షణ. ముందు బల్ల మీద నేను. 'బ్యాగు ఎలా తెరవాలి' అనే పాఠానికి నేనే నమూనా. నవ్వకండి, దానికి అరగంట పాఠం ఉంది. తెరిచినప్పుడు చప్పుడు కాకూడదు. డాక్టరు బల్ల మీద పెట్టకూడదు. మందు బొమ్మల పుస్తకాన్ని ఎడమచేత్తో పట్టుకోవాలి, వేలితో కాకుండా పెన్నుతో చూపించాలి, పుస్తకం మాత్రం డాక్టరు చేతికి ఇవ్వకూడదు. ఇచ్చారా, ఆయన పేజీలు గబగబా తిప్పేసి తిరిగి ఇచ్చేస్తాడు. మీ రెండు నిమిషాలూ అయిపోతాయి.

పొద్దున శరీర నిర్మాణం, మధ్యాహ్నం మందులు, సాయంత్రం మాట్లాడే అభ్యాసం. రోజూ ఒక రాతపరీక్ష. ఆఖరున సదాశివంగారే డాక్టరు వేషంలో కూర్చుంటారు. ఆయన చేత మందు రాయించడానికి ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. నెగ్గితే ఆయన చీటీ మీద ఆ మందు పేరు రాసి చింపి ఇస్తారు. ఓడితే తెల్లచీటీ. మూడు తెల్లచీటీలు వస్తే ఇంటికి బస్సు టిక్కెట్టు.

శిక్షణకు వచ్చిన ఇన్ని జట్లను చూశాక నాకు ఒక విషయం వింతగా తోచేది. మందుల పాఠం చెప్పేటప్పుడు సదాశివంగారు హాస్యాలాడేవారు. తప్పు చెబితే నవ్వేవారు. మూడోరోజు సదుపాయాల పాఠం మొదలుకాగానే ఆ నవ్వు పోయేది. ఊళ్లో తిరిగితే ఒక భత్యం, పొరుగూరు వెళ్తే ఇంకొకటి, ప్రావిడెంట్ ఫండు, సెలవులు; ఇవన్నీ చకచకా చెప్పి, కుటుంబ ఆరోగ్య బీమా ఫారం దగ్గర ఆగిపోయేవారు. ప్రతి గడీ పైకి చదివించేవారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ మనిషిని టిఫిన్‌కు వదిలేవారు కాదు. కుర్రవాళ్లు మాత్రం బల్ల కింద మందు బొమ్మల పుస్తకం బట్టీ పడుతూ ఉండేవారు. జబ్బులు ఎదుటివాళ్లకు వస్తాయన్న నమ్మకంతోనే ఈ ఉద్యోగంలోకి వస్తారు కాబోలు అనుకునేదాన్ని.

నేను చెప్పబోయే జట్టులో పద్దెనిమిది మంది. వారిలో మీసాల లక్ష్మునాయుడుది చీపురుపల్లి. బీఎస్సీ చదివి, అయిదేళ్లు మందుల షాపులో పనిచేశాడు. రాతపరీక్షల్లో అతనే మొదట. నోరు తెరవమంటే మాత్రం చెమటలు. మాట్లాడలేనివాళ్లు సాయంత్రం నన్ను గదికి తీసుకువెళ్లి అభ్యాసం చేయాలని నియమం. అందుచేత నాలుగోరోజు నుంచి నేను అతని గదిలో అతిథిని.

ఆ గదిలో రెండో మంచం గంటా దిలీప్‌ది. ఇదివరకు వేరే కంపెనీలో రెండేళ్లు చేసినవాడు. తెలియని విషయం లేదన్నట్టు మాట్లాడతాడు.

ఆ సాయంత్రం నాయుడికి ఇంటినుంచి ఫోను వచ్చింది. "ఏటి చేస్తంది?" అన్నాడు. అవతలి మాట వినిపించలేదు. "మెట్లెక్కించకు. ఎత్తుకో. నానొచ్చినాక చూద్దాం" అని పెట్టేశాడు.

"పాప ఎలాగుంది గురువా?" అన్నాడు దిలీప్.

"అలాగే ఉంది. నాలుగడుగులు పరిగెడితే కూకుండిపోతంది. ఆపరేషన్ చెయ్యాలంటన్నారు. సర్కారు కార్డులో దాని పేరింకా ఎక్కనేదు. ఈ ఉద్యోగం వస్తే బీమా..."

"ఫారంలో జబ్బు రాయలేదు కదా?"

"నువ్వు వద్దన్నావని నేదనే రాసినాను."

"అదీ! రాశావనుకో, మూడోరోజే మూటాముల్లె సర్దించేస్తారు. రోగాలు మోసుకొచ్చేవాణ్ని ఏ కంపెనీ తీసుకుంటాది బావా?"

నాయుడు తలూపాడు. నా పక్కజేబులో పెట్టిన ఒక ఫోటో తీసి చూసుకుని మళ్లీ పెట్టాడు. నాలుగేళ్ల పిల్ల. పేరు జోషిత అని వెనక రాసి ఉంది. పెదవుల రంగు మామూలుగా లేదు. అప్పటికి గుండె పాఠం నేను పది జట్లతో కలిసి విన్నాను. నాలుగు గదులు, మధ్య గోడ, తలుపులు అన్నీ తెలుసు. ఆ గోడకు కన్నం పడితే ఒక పిల్ల ఆటలో ఎన్ని అడుగులు తగ్గుతాయో ఆ పాఠంలో లేదు.

తొమ్మిదోరోజు మొదటి అవకాశం. హాలు చివర ఒక చిన్నగదిని డాక్టరు గదిలా అమర్చారు. బల్ల, ఎదురుగా కుర్చీ, పక్కన రోగి కూర్చునే స్టూలు. సదాశివంగారు తల వంచుకుని ఏదో రాస్తున్నారు. రెప్ లోపలికి రావాలి, నిలబడి నమస్కారం పెట్టాలి, తానే మొదట మాట్లాడాలి. మిగతావాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.

నాయుడు గుమ్మం దగ్గర ఆగి, కొత్త బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మేజోళ్లతో లోపలికి వచ్చాడు. స్టూలు మీద అంచున కూర్చున్నాడు. నన్ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ నా మీద వేసి, డాక్టరు తల ఎత్తి అడిగేదాకా మాట్లాడకుండా ఎదురుచూశాడు.

గుమ్మం దగ్గర నవ్వులు. "చీటీ తెచ్చుకున్నావా గురువా? పరగడుపునే వచ్చావా?" అని దిలీప్. ఇంకొకడు, "నాలుక చూపించు" అన్నాడు.

సదాశివంగారు నవ్వలేదు. తెల్లచీటీ చింపి ఇచ్చారు. అందరినీ భోజనానికి పంపి తలుపు దగ్గరికి వేశారు.

"ఎన్నాళ్ల నుంచి తిరుగుతున్నారండీ డాక్టర్ల చుట్టూ?" అని అడిగారు.

నాయుడు తల దించుకున్నాడు. "రెండేళ్లండి."

"ఎవరికి?"

"పాపకండి. గుండెలో కన్నం."

"నేను గడి గడీ చదివించాను కదా. లేదని రాశారే?"

"రాస్తే ఉద్యోగం ఇవ్వరని చెప్పినారండి."

సదాశివంగారు పెన్నుకు మూత బిగించి బల్ల మీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "ఇది మీరు విడిగా కట్టుకునే పాలసీ కాదండీ. మన కంపెనీ అందరికీ కలిపి కడుతుంది. పాసైన రోజు నుంచి చెల్లుతుంది. చేరేనాటికి ఉన్న జబ్బును కూడా ఒప్పుకుంటారు, రాస్తే. దాచారనుకోండి, రేపు ఆసుపత్రిలో మీ పాప పాత చీటీలే మీకు అడ్డు నిలబడతాయి."

"ఇప్పుడేటి చెయ్యాలండి? ఫారాలు కవర్లో పెట్టి అంటించేశారు కదండి."

"అయిదింటికి కొరియరువాడు వస్తాడు. రండి."

ఆయన బీరువా తీసి, అంటించిన కవరును టీ గ్లాసు ఆవిరి మీద పట్టుకున్నారు. జిగురు మెత్తబడటానికి కొంతసేపు పట్టింది. నాయుడి ఫారం బయటికి తీసి, 'లేదు' అన్న మాటను ఒకే గీతతో కొట్టించి, పైన జబ్బు పేరు రాయించారు. పక్కన సంతకం పెట్టించారు.

"మా ఆవిడ గడి నేను ఖాళీగా వదిలేశాను. తర్వాత రాద్దాంలే అన్నాను" అన్నారు సదాశివంగారు, కవరు మళ్లీ అంటిస్తూ. ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. ఏళ్ల తరబడి ఆ పాఠం దగ్గర ఆ నవ్వు ఎందుకు ఆగిపోయేదో నాకు అప్పుడు తెలిసింది.

కవరు పక్కన పెట్టి ఆయన మళ్లీ మాస్టారైపోయారు. "జబ్బు రాసినందుకు ఉద్యోగం పోదు నాయుడుగారూ. ఈ గదిలో ఓడితే పోతుంది. ఆ విషయంలో నేను మీకు అర మార్కు కూడా కలపను. బూట్లు వేసుకోండి."

పదోరోజు రెండో అవకాశం. బూట్లతోనే వచ్చాడు, నిలబడ్డాడు, నమస్కారం పెట్టాడు. తర్వాత బట్టీ పట్టినదంతా ఊపిరి తీసుకోకుండా అప్పగించేశాడు. సదాశివంగారు మధ్యలో ఫోను ఎత్తి, "ఆ, పేషెంట్లున్నారు, చెప్పండి" అనగానే నాయుడి మాట తెగిపోయింది. మళ్లీ అందుకోలేదు. తెల్లచీటీ.

ఆ సాయంత్రం దిలీప్ మంచం మీద కూర్చుని డాక్టరు వేషం వేశాడు. ఫారం సంగతి నాయుడు అతనికి చెప్పాడు. దిలీప్ వేషం ఆపేశాడు. తర్వాత, "నాకు తెలీక చెప్పాను బావా. నా మాట పట్టుకునుంటే నీ కొంప ముంచేసేవాణ్ని. లే, మళ్లీ తలుపు దగ్గర్నించి రా" అన్నాడు. పదిహేనుసార్లు రప్పించాడు. ప్రతిసారీ కొత్తగా విసుక్కున్నాడు. ఇంత తెలివిగా విసుక్కునే డాక్టరును నేను మార్టిన్ దగ్గర ఉన్నప్పుడు కూడా చూడలేదు.

పన్నెండోరోజు దిలీప్ ముందు వెళ్లాడు. మొదటిసారి తెల్లచీటీయే వచ్చింది కనుక అది అతనికి రెండో అవకాశం. రక్తపోటు మాత్ర గురించి గలగలా చెప్పాడు. "గర్భిణికి ఇవ్వొచ్చా?" అని సదాశివంగారు తల ఎత్తకుండా అడిగారు. "పూర్తిగా సేఫ్ డాక్టర్" అన్నాడు దిలీప్. తెల్లచీటీ వచ్చింది. అతనికి ఇంకొక అవకాశం మిగిలి ఉంది. నాయుడికి ఇదే ఆఖరు.

నాయుడు నన్ను పట్టుకుని లోపలికి వచ్చాడు. నా పిడి తడిసిపోయింది. నమస్కారం పెట్టి, పుస్తకం చప్పుడు లేకుండా తీశాడు. రెండు మాటలు చెప్పాడో లేదో సదాశివంగారు ఫోను ఎత్తారు. నాయుడు ఆగాడు. ఫోను పెట్టేశాక, తెగిన దగ్గర నుంచే అందుకున్నాడు.

"ఇంతకంటే చవకవి పది ఉన్నాయి. మీదే ఎందుకు రాయాలయ్యా?"

బట్టీ పట్టిన జవాబు ఒకటి ఉంది, గ్రాఫుతో సహా. నాయుడు ఆ పేజీ తిప్పలేదు.

"అయిదేళ్లు షాపులో ఉన్నానండి. రెండుపూటలా వెయ్యాల్సిన మాత్ర పట్టుకెళ్లినోళ్లు సాయంత్రంది మానేస్తారండి. నెల మాత్రలు రెండు నెలలొస్తాయి, నేను చూసినాను. ఇది పొద్దున్న ఒక్కటే. మానేసే పూట ఉండదండి."

సదాశివంగారి పెన్ను ఆగింది. "గర్భిణికి ఇవ్వొచ్చా?"

"ఇవ్వకూడదండి." నాయుడు ఆఖరి పేజీ తిప్పి, అడుగున చీమల బారులా ఉన్న అక్షరాల కింద పెన్ను పెట్టాడు. "ఇదిగోండి. కొంచెం చిన్న అక్షరాలండి. మాలాటోళ్లం ఇవే ముందు చదువుకుంటాం."

మాలాటోళ్లం అంటే రెప్‌లో, జబ్బు పిల్లల తండ్రులో, అతను చెప్పలేదు. ఆయన చీటీ మీద ఏదో రాసి చింపి ఇచ్చారు. నాయుడు బయటికి వచ్చి, గోడవైపు తిరిగి దాన్ని చూశాడు. మందు పేరు ఉంది. రెండేళ్లుగా డాక్టర్ల దగ్గర అతను అందుకున్న మందుచీటీల్లో ఇదొక్కటే కొనవలసిన పనిలేనిది.

దిలీప్ కూడా మధ్యాహ్నం మూడో అవకాశంలో గట్టెక్కాడు. ఆ జట్టుకు కొత్త బ్యాగులు ఒకటి తక్కువ వచ్చాయి. నాయుడు, "నాకిదే చాలండి" అని నన్ను తీసుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం నేను మందులు లేకుండా బయల్దేరాను. నాలో ఎక్స్‌రేలు, స్కానులు, ఒక చిన్న గౌను. విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రి. బీమా కౌంటరులో కూర్చున్న అమ్మాయి కాగితాలు తిప్పి, "ఈ జబ్బు ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉందా సార్?" అని అడిగింది.

"ఉందండి. రాసినాను" అన్నాడు నాయుడు.

ఆ అమ్మాయి కంప్యూటరులో ఏదో చూసింది. కూర్చోమంది. అతను కూర్చోలేదు. ఎదుటి బెంచీ మీద అతని భార్య సుగుణ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, నన్ను పక్కన ఆనించుకుని ఉంది. రెండున్నర గంటలు గడిచాయి. "మీసాల జోషిత అటెండెంట్!" అని పిలిచారు. ఒప్పుకున్నట్టు బీమా కంపెనీ నుంచి కబురు వచ్చింది. నాయుడు సంతకం పెట్టడానికి పెన్ను కోసం తన జేబులన్నీ వెతుక్కున్నాడు. పెన్ను చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి చెప్పేదాకా తెలియలేదు.

ఆపరేషన్ నాలుగు గంటలు జరిగిందట. నేను గదిలో తాళం లోపల ఉన్నాను. దాని గురించి నాకు తెలియదు, తెలియనిది చెప్పను.

ఇప్పుడు రెప్‌ల చేతుల్లోకి పలక వంటి యంత్రాలు వచ్చాయి. బొమ్మల పుస్తకాలు పోయాయి, మాతోబాటు మా బరువూ పోయింది. నా బంగారు అక్షరాల్లో రెండే మిగిలాయి. చీపురుపల్లిలో వీధరుగు మీద ఉంటాను. జోషిత నన్ను తన సొంతం చేసుకుంది. నలభైరెండు మందుల పేర్లు తెలిసిన దాన్ని నేను. ఈ పిల్ల నాలో పెట్టే వస్తువుల పేర్లు మాత్రం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. చింతపిక్కలు, పెంకుముక్కలు, అరిగిపోయిన సుద్ద.

నిన్న సాయంత్రం వీధిలో పిల్లలు లెక్కపెట్టే గొంతు చాలాసేపు వినిపించింది. అరవై దాటాక లెక్క తప్పిపోయి, ఆ విషయం మీద దెబ్బలాడుకున్నారు. తర్వాత జోషిత పరిగెత్తుకుంటూ వచ్చి, రొప్పుతూనే నా జిప్పు లాగి, ఒక గెంతుడు తాడును లోపల కుక్కింది. దాని రెండు చెక్క పిడులూ ఆ పిల్ల చేతి వేడితో, చెమటతో ఉన్నాయి. ఆ వేడి చల్లారేదాకా నేను వాటిని పట్టుకునే ఉన్నాను.